కోరాపుట్, రాయగడ మండలముల ప్రభుత్వానుకూల గిరిజన దళములు

ఒడిశా రాష్ట్రపు దక్షిణాంచలమున, తూర్పు కనుమల నడుమ, ఆంధ్రదేశపు పార్వతీపురం, సాలూరు, అరకు ప్రాంతములకు ఆనుకొనియున్న కోరాపుట్, రాయగడ జిల్లాలలో, కొండజాతుల యువకులకు ప్రభుత్వమే జీతమిచ్చి తన పక్షమున ఆయుధధారులనుగా నిలుపుట యొకటి, భూవివాదములలో ఓడి నిర్వాసితులైనవారును వారి పోషకులును పోలీసుల అండ చూచుకొని గిరిజన సంఘములపై గుంపుకట్టుట వేఱొకటి, ఈ రెండు పరిణామములును ఇరువదియొకటవ శతాబ్దపు మొదటి పదునైదేండ్లలో స్ఫుటముగా కనిపించినవి. మొదటిదానికి స్పెషల్ పోలీసు అధికారుల వ్యవస్థ యనియు, రెండవదానికి శాంతి కమిటీ యనియు పేర్లు. ఈ రెంటిని పొరుగున ఉన్న బస్తరులోని సల్వా జుడుంతో కలిపి ఒకే గాటన కట్టుట పత్రికలకు పరిపాటియైనది గాని, వాని పుట్టుక వేఱు, వానిలో చేరినవారు వేఱు, వాని వలన కలిగిన హాని స్వరూపమును వేఱు. ఆ భేదమును గుర్తింపని యెడల ఈ ప్రాంతపు రాజకీయ వైషమ్యముల మూలము, అనగా భూమి, కంటికి కానరాకుండ పోవును.

దేశము, జనులు

2011 జనాభా లెక్కల ననుసరించి కోరాపుట్ జిల్లా జనులలో సగమునకు కొంచెము మించినవారును, రాయగడ జిల్లాలో నూటికి 56 మందియు షెడ్యూల్డు తెగలకు చెందినవారు. కువి, కుయి భాషలు మాటలాడు కోదులు వీరిలో ప్రధానులు; పరజలు, గదబలు, గుణుపురపు కొండలలో సవరలు, నియమగిరిపై డొంగ్రియా కోదులు తరువాతివారు. వీరి పల్లెలలోనే డొంబులు అను దళితకులమువారు చిల్లర వర్తకమును, మధ్యవర్తిత్వమును, కూలిని ఆధారము చేసికొని తరతరములుగా జీవించుచున్నారు. సారా వ్యాపారముతోను, వడ్డీవ్యాపారముతోను వచ్చి స్థిరపడిన సొండులు కాలక్రమమున పల్లపు భూములకు యజమానులైరి.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువఱకు ఈ సీమ యంతయు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణ మండలమున జయపుర సంస్థానముగా నుండెను. ఉభయభాషాకోవిదుడును, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మహాదాతయు నగు విక్రమదేవవర్మ ఈ సంస్థానాధీశుడే. నేటికిని రాయగడ, గుణుపురముల బజారులలోను, బంధుగాం సంతలోను తెలుగు వినవచ్చుచుండును. 1992 అక్టోబరు 2న పాత కోరాపుట్ జిల్లా కోరాపుట్, రాయగడ, నవరంగపురము, మల్కనగిరి అని నాలుగుగా విభక్తమైనది.

పూర్వరంగము

కొండలను కొండవారి చేతనే కాపాడించుట ఈ సీమలో నిన్న పుట్టిన యుపాయము కాదు. జయపుర ప్రభువులు సైనికసేవకు ప్రతిఫలముగా భూములనుభవించు పాయికులను పోషించిరి. కుంపినీవారు 1839 నాటి 24వ చట్టముచే గంజాం, విశాఖపట్టణ మండలముల ఏజెన్సీ భాగములను సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగించి ఏజెంటు చేతిలో పెట్టిరి. కుంపినీ పాలన ముగిసిన పిమ్మట 1863లో బ్రిటిషు ప్రభుత్వము జయపురమునకు అసిస్టెంటు ఏజెంటును పంపి, పోలీసు వ్యవస్థను నెలకొల్పెను. అయినను పన్ను వసూలును, గ్రామశాంతియు ముఠాదారులనబడు స్థానిక నాయకుల వశముననే యుండెను. పాలకునకు ఇది చౌకబేరము. కాని ముఠాదారునకు తన జనులతో గల బంధము పాలకునితో గల బంధముకంటె దృఢమైనదని అనేకపర్యాయములు రుజువైనది. 1879లో రంపదేశమున చిగురుపన్ను మొదలగు పీడనములపై తిరుగబడినవారిలో పలువురును, 1922 నుండి 1924 వఱకు అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గాము గంతందొర వంటివారును ముఠాదారీ లేక గ్రామాధికార కుటుంబములవారే.

కోరాపుట్ మండలమున దీనికి లక్ష్మణనాయకుని జీవితము కంటె గొప్ప నిదర్శనము లేదు. భూమియా తెగవాడును, తెంతులిగుమ్మ గ్రామమునకు చెందిన ముస్తాదారును అగు నాతడు తండ్రివలెనే సంస్థానమునకు పన్ను వసూలు చేయవలసినవాడు. చేయుటకు మారుగా కాంగ్రెసు సభ్యుడై, 1942 ఆగస్టు 21న మాథిలి పోలీసుస్టేషను కడకు సాగిన ఊరేగింపునకు నాయకుడయ్యెను. పోలీసులు కాల్పులు జరిపిరి. ఆనాడు మరణించిన అటవీరక్షకుని హత్యానేరమును ఆతనిపై మోపి, 1943 మార్చి 29న బరంపురము కారాగారమున ఉరితీసిరి. మాథిలి నేడు మల్కనగిరి జిల్లాలోనున్నది.

స్వాతంత్ర్యానంతరము 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జయపుర జమీ అంతరించెను. 1967లో గ్రామరక్షుల చట్టము వచ్చి, పాత చౌకీదారుల స్థానమున పోలీసులకు లోబడిన గ్రామరక్షులను నిలిపెను. వీరు వార్త మోయువారే గాని యుద్ధము చేయువారు కారు. కొండ యువకుని చేతికి తుపాకి నిచ్చి ఆతనిని పోరాటమునకు ముందు నడిపించు ఆలోచన ఇంకను నలుబదియేండ్ల తరువాత రావలసియుండెను.

భూమి, ఋణము, సంఘము

ఈ వృత్తాంతమునకు అసలు నాయిక భూమి. వివాహమునకో, వ్యాధికో, సారాదుకాణపు బాకీకో సొండివాని యొద్ద చేసిన చిన్న అప్పు తీరక, కొడుకును గొతిగా, అనగా ఋణము తీరువఱకు కూలిలేని పాలేరుగా, ఒప్పగించుట కోరాపుట్ పల్లెలలో చిరకాలము సాగినది. గోపీనాథ మహంతి 1945లో రచించిన ‘పరజ’ నవల యీ దుఃఖమునే చిత్రించినది. అప్పు తీరకపోగా పల్లపు మళ్లు చేజారెడివి. కొండవాడు మెట్టకెక్కి పోడు చేసికొనెడివాడు. ఆ పోడును అటవీశాఖ నేరమనెడిది. దీనిని అరికట్టుటకు ఒరిస్సా ప్రభుత్వము 1956లో రెండవ రెగ్యులేషను చేసి, షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల స్థిరాస్తి అనుమతిలేక గిరిజనేతరులకు సంక్రమింపరాదని శాసించెను; ఆంధ్రప్రదేశమున 1970 నాటి ఒకటవ రెగ్యులేషను, మనవారు 1/70 అని వ్యవహరించునది, దీనికి సోదరి వంటిది. శాసనములు మంచివే. వానిని అమలుపఱుపవలసిన కచ్చేరి దూరము, కాగితము ఒడియాలో, రైతు మాట కువిలో. అందుచేత చేజారిన భూమి న్యాయమార్గమున తిరిగివచ్చుట అరుదు.

సరిహద్దునకు ఈవల పార్వతీపురం ఏజెన్సీలో ఇదే బాధనుండి గిరిజన సంఘము పుట్టి, వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అను ఉపాధ్యాయుల నాయకత్వమున పెరిగెను. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవుచున్న గిరిజనులపై లేవిడి గ్రామమున భూస్వాముల పక్షమువారు కాల్పులు జరుపగా కోరన్న, మంగన్న అను ఇరువురు మరణించిరి. ఆ పిమ్మట శ్రీకాకుళ సాయుధపోరాటము ప్రజ్వరిల్లి, 1970 జులై 10న సత్యం, కైలాసముల మరణముతో క్షీణించెను. ఆ ఉద్యమపు వేళ్లు ఒడిశా వైపునకును ప్రాకినవి. గుణుపురము ప్రాంతపు నాగభూషణ పట్నాయకు ఆ కాలమువాడే. 1990వ దశకమున బంధుగాం, నారాయణపట్న సమితులలో (బ్లాకులలో) చాసీ ములియా ఆదివాసీ సంఘము, అనగా రైతుకూలీ గిరిజన సంఘము, మార్క్సిస్టు లెనినిస్టు వర్గముల ప్రభావమున రూపొందెను. సారా దుకాణములను మూయించుట, కూలి పెంచుమని యడుగుట, అన్యాక్రాంతమైన భూములను తిరిగి దున్నుట దాని కార్యక్రమములు.

స్పెషల్ పోలీసు అధికారులు

2004 ఫిబ్రవరి 6వ తేదీ రాత్రి మావోయిస్టు పూర్వరూపమైన పీపుల్స్ వార్ దళములు కోరాపుట్ పట్టణముపై బడి, జిల్లా ఆయుధాగారమును కొల్లగొట్టిన నాటినుండి ఈ జిల్లా దేశపు దృష్టికి వచ్చెను. ఆంధ్రప్రదేశమున శాంతిచర్చలు 2005 ఆరంభమున విఫలమై, ఆంధ్ర పోలీసుల గ్రేహౌండ్సు దళపు ఒత్తిడి పెరుగుటతో దళములు ఆంధ్ర ఒడిశా సరిహద్దు అడవులను మఱింత గాఢముగా ఆశ్రయించినవి. 2006లో ఒడిశా ప్రభుత్వము మావోయిస్టు పార్టీని నిషేధించెను. 2008 ఫిబ్రవరిలో నయాగఢ్ ఆయుధాగారపు దోపిడియు, అదే సంవత్సరము జూన్ 29న బలిమెల జలాశయముపై మావోయిస్టుల దాడిలో గ్రేహౌండ్సు పడవ మునుగగా 38 మంది చనిపోవుటయు, 2009 ఏప్రిల్ 12న దమన్‌జోడి సమీపపు పంచపట్మాలి బాక్సైటు గనిపై దాడియు ఒకదానివెంట నొకటి జరుగగా, భువనేశ్వరమున ఆందోళన మిన్నంటెను.

ఈ స్థితిలో 1861 నాటి పోలీసు చట్టము 17వ సెక్షను అక్కఱకు వచ్చెను. అల్లరులు చెలరేగినపుడు స్థానికులను తాత్కాలికముగా స్పెషల్ పోలీసు అధికారులుగా నియమించుటకు ఉద్దేశింపబడిన యీ విధిని, ఒడిశా ప్రభుత్వము మావోయిస్టు ప్రాబల్యముగల జిల్లాలలోని గిరిజన యువకులను గౌరవ వేతనముపై చేర్చుకొనుటకు వినియోగించెను. ఆ ఖర్చును భద్రతావ్యయ పథకము క్రింద కేంద్రము భరించెడిది. దీనికి చెప్పబడిన హేతువులు అసత్యములు కావు. కొండదారి తెలిసినవాడు, కువి మాటలాడగలవాడు, అడవిలో అడుగుజాడ చదువగలవాడు మైదానపు కానిస్టేబులు కాజాలడు. ఉద్యోగము లేని యువకుని మావోయిస్టు దళము తీసికొనిపోకమునుపే ప్రభుత్వము తీసికొనవలెనన్న లెక్కయు ఒకటి కలదు. అయినను ఆ యువకుని పక్షమునుండి చూచినచో, నెలజీతము ఇంటికి వచ్చిన నాటినుండి ఆతడు తన ఊరికే శత్రువగును. సంతకు పోజాలడు, పండుగకు ఇల్లు చేరజాలడు. దళమువారు ఆతనిని ఇన్ఫార్మరనిరి, కొందఱను చంపిరి. పోలీసుశాఖ మాత్రము ఆతనిని పూర్తి పోలీసుగా లెక్కింపలేదు. పేదవాని దారిద్ర్యమునే ఆయుధముగా మలచుట ఇరుపక్షముల వారును చేసిన పని. అందు రాజ్యాంగమునకు బద్ధమైన పక్షమును ఎక్కువగా ప్రశ్నింపవలసియున్నది.

నారాయణపట్న, శాంతి కమిటీ

కోరాపుట్ జిల్లా తూర్పుకొసనున్న నారాయణపట్న సమితిలో చాసీ ములియా ఆదివాసీ సంఘము 2006 తరువాత రెండు పాయలయ్యెను: బంధుగాం పాయ ఎన్నికలకును చట్టబద్ధ కార్యక్రమములకును మొగ్గు చూపగా, నాచిక లింగ నాయకత్వముననున్న నారాయణపట్న పాయ భూములను నేరుగా స్వాధీనము చేసికొను మార్గమును పట్టెను. 2009 వేసవిలో ఈ చర్య ఉద్ధృతమై, సంఘీయులు విస్తారమైన పొలములలో జెండాలు నాటి, సమష్టిగా దున్నిరి. సారా వ్యాపారులైన సొండులతోపాటు, వారి చెంత కౌలుకును కూలికిని బ్రతుకుచున్న డొంబు కుటుంబములును ఇండ్లు విడిచి లక్ష్మీపూరునకు, నారాయణపట్న పట్టణమునకు పారిపోయినవి. భూమి లేని దళితుని యింటిని పడగొట్టుట వలన గిరిజనునకు చేజారిన సెంటుభూమి యైన రాదు. ఈ విషయమున సంఘము చేసిన అపచారమును దాని మిత్రులు పలువురు దాచిపెట్టుట న్యాయము కాదు.

శాంతి కమిటీ ఈ నిర్వాసితుల నడుమ పుట్టెను. భూములు పోయిన సొండులు, వర్తకులు, కొందఱు పార్టీ నాయకులు దానికి వెన్నుగా నుండగా, ఊరేగింపులలో ముందు నడచినవారు శిబిరములలోని పేద డొంబులును, సంఘముతో విభేదించిన కొందఱు గిరిజనులును. కావున దీనిని కేవలము గిరిజన దళమనుట సరికాదు. గిరిజనుల నడుమ, గిరిజనులపై, మిశ్రజనముతో నిలిచిన కూటమి యనుట సత్యమునకు దగ్గర. ప్రభుత్వము దీనిని తన సంస్థగా ఒప్పుకొనలేదు. పౌరహక్కుల సంఘములు మాత్రము పోలీసుల సమక్షముననే, వారి ప్రోత్సాహముననే కమిటీ వారు దాడులు చేయుచున్నారని ఆరోపించినవి. 2009 డిసెంబరులో నిజనిర్ధారణకై నారాయణపట్న వెళ్లిన మహిళా బృందముపై అచ్చటి గుంపు చేయి చేసికొనుట దేశమంతట వార్తయైనది.

అంతకుముందు నవంబరు 20న జరిగిన కాల్పులు ఈ చరిత్రలో విభజనరేఖ. కూంబింగు పేరిట గ్రామములలో స్త్రీలపట్ల పోలీసులు దురుసుగా ప్రవర్తించిరని చెప్పి, సంఘమువారు వందలాదిగా నారాయణపట్న పోలీసుస్టేషను నెదుట గుమికూడిరి. వాదోపవాదముల మీదట పోలీసులు కాల్పులు జరుపగా, సంఘనాయకుడు సింగన్నయు, ఆంద్రు నాచిక యను మఱియొకడును మరణించిరి. గుంపు ఆయుధములను లాగికొన యత్నించెనని పోలీసులు చెప్పిరి. వచ్చినవారు నిరాయుధులై ప్రశ్నింప వచ్చిరని సంఘము చెప్పెను. పిమ్మట జరిగిన అరెస్టులలో వందలాది గిరిజనులు కోరాపుట్ కారాగారము చేరిరి. సంఘము మావోయిస్టుల ముసుగు సంస్థయని పోలీసులు పదేపదే ప్రకటింపగా, సంఘము నిరాకరించుచు వచ్చెను. మఱుసటి సంవత్సరము బంధుగాం పాయ నాయకుడు అర్జున కేంద్రుక మావోయిస్టుల చేతిలో హతుడయ్యెను. ఎన్నికల దారి పట్టినవాడు దళము చేతను, స్టేషనుకు వచ్చి ప్రశ్నించినవాడు పోలీసు చేతను చచ్చినపుడు, మధ్యమార్గమునకు అచ్చట చోటెక్కడిది?

అయినను జనులు ఎన్నికలను విడువలేదు. 2012 పంచాయతీ ఎన్నికలలో సంఘపు మద్దతు గలవారు పలు సర్పంచి స్థానములను గెలిచిరి. అంతలో మార్చి 24న లక్ష్మీపూరు శాసనసభ్యుడును, తాను స్వయముగా గిరిజనుడును అగు ఝీనా హికాకను మావోయిస్టులు అపహరించి, సంఘీయులతో సహా ఖైదీలను విడువవలెనని కోరి, ప్రజాకోర్టు నడిపి ఏప్రిల్ 26న నారాయణపట్న ప్రాంతమున విడిచిపెట్టిరి. తరువాతి రెండేండ్లలో సంఘసభ్యులు వేలకొలదిగా పోలీసుల యెదుట ‘లొంగుబాటు’ చేసినట్లు ప్రకటనలు వెలువడినవి. ఆయుధము పట్టని రైతు లొంగిపోవుటయన నేమియో ఆ ప్రకటనలు వివరింపలేదు. 2014 అక్టోబరులో నాచిక లింగయు పోలీసులకు లొంగెను. శత్రువు బలము తగ్గినకొలది శాంతి కమిటీయు మందగించెను.

సుప్రీంకోర్టు తీర్పు

ఛత్తీసుగఢ్ రాష్ట్రపు బస్తరు ప్రాంతమున 2005 జూన్‌లో ప్రభుత్వపు అండతో మావోయిస్టులకు ఎదురుగా ఆరంభమైన సల్వా జుడుం ఉద్యమము వలన ఊళ్లకు ఊళ్లు శిబిరములకు తరలింపబడగా, వేలాది కోయ, మురియ కుటుంబములు ఖమ్మము జిల్లా అడవులకు వలసవచ్చిన సంగతి తెలుగువారికి ప్రత్యక్షానుభవము. దీనిపై నందినీ సుందర్, రామచంద్ర గుహ, విశాఖపట్టణవాసియైన విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఈ.ఏ.ఎస్. శర్మ సుప్రీంకోర్టు నాశ్రయింపగా, న్యాయమూర్తులు బి. సుదర్శనరెడ్డి, ఎస్.ఎస్. నిజ్జర్ 2011 జులై 5న తీర్పు చెప్పిరి. అయిదవ తరగతి చదివిన యువకులకు నెలకు 3,000 రూపాయలిచ్చి, కొలదిపాటి శిక్షణతో సాయుధపోరునకు పంపుట రాజ్యాంగపు 14వ, 21వ అధికరణములకు విరుద్ధమనియు, ఆ రాష్ట్రమున అప్పటికి సుమారు 6,500 మంది యున్న యీ స్పెషల్ పోలీసు అధికారుల వ్యవస్థను అట్టి కార్యములనుండి తప్పింపవలెననియు వారు ఆజ్ఞాపించిరి. తీర్పు ఛత్తీసుగఢ్ విషయమైనను ఒడిశా ప్రభుత్వము దాని భావమును గ్రహించి, తన స్పెషల్ పోలీసు అధికారులను ఒడిశా సహాయక పోలీసు దళముగా పునర్వ్యవస్థీకరించెను. ఛత్తీసుగఢ్ కూడ సహాయక సాయుధ పోలీసు దళ చట్టమును చేసికొనెను. పేరు మాఱి, వేతనము, నియమావళి మెఱుగుపడుట మేలే. కాని అడవిలో ముందు నడచువాడు మునుపటి పల్లె యువకుడే.

రాయగడ మార్గము

రాయగడ జిల్లాలో వైషమ్యము గనుల చుట్టు తిరిగినది. కాశీపురము సమితిలో అల్యూమినా కర్మాగారమును వ్యతిరేకించుచున్న మైకంచ గ్రామమున, 2000 డిసెంబరులో కర్మాగారమునకు అనుకూలురైన సర్వపక్ష నాయకులకును గ్రామస్థులకును ఘర్షణ జరిగిన మఱునాడు, 16వ తేదీన, పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు గిరిజనులు మరణించిరి. ఇచ్చట తుపాకి పట్టిన ప్రైవేటు దళము లేదు. ప్రభుత్వానుకూలత యనునది పార్టీల రూపమున, కాంట్రాక్టుల రూపమున పల్లెను చీల్చినది.

అదే జిల్లా వేఱొక దారిని కూడ చూపినది. నియమగిరి బాక్సైటు విషయమై 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, కొండపై గల హక్కులను గ్రామసభలే నిర్ణయింపవలెనని తీర్పు చెప్పగా, ఆ యేడు జులై, ఆగస్టులలో రాయగడ జిల్లాయందు 7, కలహండి జిల్లాయందు 5, వెరసి 12 గ్రామసభలు జిల్లా న్యాయమూర్తుల సమక్షమున జరిగి, పండ్రెండును గనిని త్రోసిపుచ్చినవి. డొంగ్రియా కోదులు తమ దైవమగు నియమరాజు వసించు కొండను గూర్చి తమ భాషలో పలికిన మాట అధికారిక పత్రములకెక్కెను. మావోయిస్టుల నీడ ఆ కొండపైనను ఉండెను. అయినను అడిగినపుడు జనులు వచ్చి చెప్పిరి. అట్లుండియు గనిని ఎదిరించిన నియమగిరి సురక్షా సమితికి మావోయిస్టులతో సంబంధము కలదని కేంద్ర హోంశాఖ 2016-17 వార్షిక నివేదికలో వ్రాయుట విచారకరము.

ఇతర దేశములు

పొరుగువారిని పొరుగువారిపై నిలుపుట ప్రపంచమునకు క్రొత్తకాదు. గ్వాటిమాలాలో 1980వ దశకారంభమున సైన్యము మాయా గ్రామస్థులను బలవంతముగా పౌరగస్తీలలో చేర్చెను; 1996 శాంతి ఒడంబడికనాటికి గాని అవి రద్దు కాలేదు. పెరూ ఉత్తరభాగమున 1976లో పశువుల దొంగలను పట్టుటకు రైతులే కల్పించుకొన్న రోండా దళములు గ్రామసభకు జవాబుదారులైనవి. తరువాత ఆయకుచో ప్రాంతమున సైన్యము చేతినుండి తుపాకులందుకొన్న సంఘముల గతి వేఱైనది.

భూచట్టము

2002 సెప్టెంబరునుండి అమలులోనికి వచ్చిన సవరణచే ఒడిశా షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు సంక్రమించుట పూర్తిగా నిషిద్ధము. 2023 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గము, సబ్‌కలెక్టరు అనుమతితో అట్టి విక్రయములకు మఱల అవకాశమీయ నిశ్చయించి, గిరిజన సంఘములనుండియు ప్రతిపక్షములనుండియు నిరసన చెలరేగుటతో కొన్ని దినములలోనే ఆ నిర్ణయమును నిలిపివేసెను. 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ విస్తరణ చట్టమునకు నియమములను చేయవలసిన పని ఆ రాష్ట్రమున పాతికయేండ్లు దాటినను ముసాయిదా దశలోనే యుండగా, కాశీపురము చెంతనున్న సిజిమాలి బాక్సైటు కొండ విషయమై 2023 నుండి గ్రామస్థులకును పోలీసులకును క్రొత్త ఘర్షణలు ఆరంభమైనవి.